కొమ్మ వదిలే బొమ్మలు

సెలువాయాను మేనత్తకు ఇచ్చేశారు. ఇచ్చేశారంటే పెళ్ళి మాట కాదు. మా దీవిలో, మా కొలొవాయి ఊళ్ళో మేనత్త అడిగితే ఇవ్వాలి, అంతే. పెండలం అడిగితే పెండలం, పందిపిల్లను అడిగితే పందిపిల్ల, పిల్లను అడిగితే పిల్ల. లవీనియాకు కడుపు పండలేదు. ఓ పొద్దున తమ్ముడి వాకిట్లోకి వచ్చి నిలబడి, "ఈ పెద్దదాన్ని నాకియ్యరా" అంది. అప్పుడు సెలువాయా గుమ్మంలో కూర్చుని జామకాయ తింటోంది. ఆ కాయ పూర్తయ్యేలోపు తల్లి బట్టలు మూటగట్టేసింది.

ఇప్పుడు సెలువాయాకు ముప్పై దాటాయి. లవీనియా చెడ్డ మనిషని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆదివారం గొయ్యి తవ్వి మట్టి కప్పి వండిన పొయ్యి తెరిచినప్పుడు, చామాకు పొట్లాల్లో కొబ్బరిపాలు బాగా పట్టినదేదో ఒత్తి చూసి మరీ మేనకోడలి ముందు పెడుతుంది. జ్వరమొస్తే పక్కనే కూర్చుని విసురుతుంది. కానీ ఆ ఇంట్లో సెలువాయాదంటూ ఒక్క వస్తువు చూపించండి! దువ్వెన కొనుక్కుంటే అత్త ఓసారి దువ్వుకుంటుంది, ఆ పూట నుంచి అది అత్త దువ్వెన. చెవిపోగులు ముద్దుగా ఉన్నాయే అంటే తీసి చేతిలో పెట్టాలి. ఒకసారి పట్నంలో ఫోన్ల కొట్టులో పని దొరికింది. "నీకెందుకే ఆ తిప్పలు? నేనొక్కదాన్నీ ఈ చాపలు ఏం అల్లను?" అంది అత్త. ఆ మాటతో ఆ పనీ పోయింది. మేనత్త అడిగింది కాదనడం, మేనత్త చేతికి ఇచ్చింది తిరిగి అడగడం, ఈ రెండూ చేసినవాళ్ళను మా ఊళ్ళో నేనైతే చూడలేదు.

పొద్దుగూకే దాకా చాపలే. మొగలి ఆకు ముళ్ళు తీసి, ఉడకబెట్టి, సముద్రపు నీళ్ళలో నానేసి, ఎండబెట్టి, చీల్చి, వరండాలో వరసగా కూర్చుని అల్లడం. నేనూ ఆ వరసలో దాన్నే. మిగతా ఆడవాళ్ళం మొగుళ్ళ మీదా, పాస్టరు గారి నిద్రమొహం మీదా ఛలోక్తులు విసురుకుంటుంటే సెలువాయా తల వంచుకుని అల్లుకుంటూ పోయేది. "లవీనియా, మీ పిల్లకు నోరు ఇంట్లో పెట్టి తాళమేశావా ఏంటి?" అని ఏడిపించేవాళ్ళం. లవీనియా పకపకా నవ్వేది. సెలువాయా కూడా నవ్వేది, ఎందుకంటే నవ్వకపోతే బాగుండదు.

అలాంటి మనిషి బొమ్మల్లో పడింది.

పట్నం నుంచి సిసిలియా అనే అమ్మాయి వచ్చి చర్చి హాల్లో శనివారాలు పిల్లలకు కదిలే బొమ్మలు గీయడం నేర్పిస్తానంది. హాల్లో చాపలు పరిచి రమ్మని లవీనియా కోడల్ని పంపింది. సెలువాయా పరిచేసి తలుపు దగ్గర నిలబడిపోయింది. లోపల సిసిలియా ఒక కాగితం మీద నేలను తాకిన బంతి గీసింది, ఇంకో కాగితం మీద గాల్లో ఉన్న బంతి గీసింది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాన్ని వేలితో టపటపా ఆడించింది. బంతి ఎగిరింది.

"అబ్బ!" అని సెలువాయా నోట్లోంచి పైకే వచ్చేసింది. పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. ఆమె నోట అంత గట్టి మాట ఎవరూ వినలేదు మరి.

"అక్కా, లోపలికి రా. అక్కడ దోమలు పీక్కుతింటాయి" అంది సిసిలియా.

అలా చేరింది. ఒక్కొక్కళ్ళూ అర నిమిషం సినిమా చెయ్యాలి, చర్చిలో పిల్లలు బైబిలు వాక్యాలు అప్పజెప్పే పిల్లల ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం హాల్లో తెర కట్టి అందరికీ చూపిస్తారు. ఒకడు రగ్బీ ఆటగాణ్ణి గీస్తానన్నాడు, ఒకతె నాట్యం చేసే పిల్లను గీస్తానంది. సెలువాయా గబ్బిలాన్ని గీస్తానంది.

"గబ్బిలమా! మా ఇంటి రేకుల మీద వేసే రెట్టలు చాలకనా అక్కా, తెర మీద కూడా?" అని పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.

మా ఊరి సరుగుడు చెట్ల నిండా అవే. వరండాలో కూర్చుని తలెత్తితే పగలంతా తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయి. పొద్దువాలగానే ఒక్కొక్కటీ కొమ్మ వదిలేసి పోతాయి. మేమెవ్వరం వాటిని పట్టించుకోం. సెలువాయా మాత్రం రోజూ చేతిలో పని ఆపి చూసేది. వాటిని చూస్తే ఆమెకు కుళ్ళు. ఆ మాట ఆమే తర్వాత నాతో అంది: "వాటికి ఎవర్నీ అడగక్కర్లేదు కదా, అందుకు."

మరి గీయడం ఎప్పుడు? పనిరోజుల్లో చేతులు అత్తవి. ఆదివారం పని చేస్తే పాపం. మా దీవుల్లో ఆదివారమంటే చర్చికెళ్ళడం, కడుపు పగిలేలా తినడం, పడుకోవడం. బొమ్మ గీయడం పనా, కాదా? పాస్టరు గారిని అడిగితే పనే అంటారేమోనని భయపడి సెలువాయా అడగలేదు. తనకు తనే కాదని తీర్పు చెప్పుకుంది. మధ్యాహ్నం అత్త గురక మొదలయ్యాక కిటికీ గాజు పలకల్లో ఒకదాన్ని మెల్లగా జారలాగి, రెండు బిస్కెట్ డబ్బాల మీద పెట్టి, కింద టార్చిలైటు పెట్టేది. ఆ గాజు మీద కాగితం పెడితే అడుగున ఉన్న కాగితంలోని గీతలు పైకి కనిపిస్తాయి. అవి చూసుకుంటూ కాస్త మార్చి మరొకటి గీయాలి. కాగితాలు జరక్కుండా ఒక అంచున రెండు చిల్లులు, వాటిలో దిగే రెండు పుల్లలు. అంతే సరంజామా.

మొదటిసారి ఒకటి చూసి ఇంకొకటి, అది చూసి మరొకటి గీసుకుంటూ పోయింది. ఆఖరి కాగితానికొచ్చేసరికి గబ్బిలం పందిపిల్లంత అయింది. సిసిలియా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "ముందు మొదటిదీ చివరిదీ గీసుకో అక్కా, తర్వాత నడిమిదీ, ఆ తర్వాత మధ్యమధ్యవీ" అని చెప్పింది. అన్నీ చించేసి మళ్ళీ మొదలుపెట్టింది.

వేలాడటం సులువుగానే వచ్చింది. గాల్లో రెక్కలాడించడమూ వచ్చింది. కొమ్మ వదలడం దగ్గరే ఆగిపోయింది. ఎలా గీసినా గబ్బిలం కొమ్మకు అతుక్కున్నట్టే ఉండేది, లేదా ఎవరో పట్టి లాగినట్టు ఉండేది. ఎన్నో సాయంత్రాలు వరండా మెట్టు మీద కూర్చుని మెడ నొప్పెట్టేలా చూసింది. చివరికి తెలిసింది. గబ్బిలం కొమ్మ వదలగానే ఎగరదు. పడుతుంది. రాయిలా కిందికి పడుతుంది, ఇంక నేలకు కొట్టుకుంటుందేమో అనిపించాక రెక్కలు విచ్చుకుంటాయి. ఆ పడటాన్ని గీసింది. ఆ కట్ట పూర్తయిన రోజు ఆమె మొహం చూసి, "ఏమే, ఎవడైనా దొరికాడా?" అని నేనే అడిగాను.

"ఎప్పటికప్పుడు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకో అక్కా. కాగితాన్ని నమ్మకూడదు" అని సిసిలియా ప్రతి వారం పోరేది. "పూర్తయ్యాక తీస్తాలే" అనేది సెలువాయా. లవీనియా దగ్గర పని నేర్చుకున్న ఏ ఆడదైనా అదే అంటుంది. అంచు కట్టని చాపను ఎవరికీ చూపించం, పని ఆపగానే మడతపెట్టి గుడ్డ కప్పేస్తాం. చాపకు అది మంచి పద్ధతే. బొమ్మలకు ఎంత చేటో మాకెవరికి తెలుసు?

శుక్రవారం ఇంకా నాలుగు రోజులుందనగా కట్టలన్నీ బయటికి తీసింది. వేలాడే కట్ట ఉంది. ఎగిరే కట్ట ఉంది. కొమ్మ వదిలి పడే నడిమి కట్ట లేదు.

చాపల మడతలన్నీ దులిపింది. మంచం కింద చూసింది. వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి, "అత్తా, ఇక్కడ కాగితాలు కొన్ని..." అంది.

"అవా? పొద్దున ఫూసి వచ్చిందే" అంది లవీనియా కొబ్బరి కోరుతూ. ఫూసి అంటే సెలువాయా తమ్ముడి కూతురు, ఏడెనిమిదేళ్ళ పిల్ల. "పిల్లల ఆదివారానికి వాక్యాలు కంఠతా పట్టాలిట, రాసుకోవడానికి కాగితాల్లేవంది. వెనకవైపు తెల్లగానే ఉన్నాయి కదా అని పైనున్న కట్ట తీసిచ్చా. పాపం, ఎంత మురిసిపోయిందో! ఏం, నీకు పనికొచ్చేవా అవి?"

అడిగింది చూడండి. నిజంగానే అడిగింది. అవునత్తా, అవి నావి, నా ప్రాణం పెట్టి గీశాను అని ఒక్క మాట అనడానికి గుమ్మం తెరిచినట్టే తెరిచింది. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"లేదత్తా" అంది సెలువాయా.

"మరి ఆ నీళ్ళ బిందె ఇటందుకో."

అందించింది. తర్వాత పెరట్లోకెళ్ళి అరటిచెట్ల వెనక కూర్చుని, ఏడుపు వినిపించకుండా బట్ట అంచు నోట్లో కుక్కుకుంది. దువ్వెన పోయినప్పుడు ఏడవలేదు, పట్నంలో పని పోయినప్పుడూ ఏడవలేదు. ఈ కట్ట పోతే తన సినిమాలో గబ్బిలం వేలాడుతూ ఉంటుంది, ఆ తర్వాత ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. కొమ్మ వదలడమే ఉండదు. అది లేకపోతే అసలు ఏమీ లేనట్టే.

మళ్ళీ గీయడానికి మధ్యలో ఆదివారం లేదు. సిసిలియాకు చెబితే ఆ పిల్ల తేలిగ్గా, "మీ తమ్ముడి కూతురేగా! అడిగి తెచ్చుకో, ఫొటోలు తీసుకుని తిరిగిచ్చెయ్" అంది. పట్నంలో పెరిగిన పిల్ల మరి, అప్పు అడగడం అందరికీ కుదురుతుందనుకుంది.

సెలువాయాకు తమ్ముడింటికి వెళ్ళడమంటే పడదు. వాళ్ళు మంచివాళ్ళు కాక కాదు. అక్కడ ఆమె మేనత్త. ఆమె అడుగుపెట్టగానే ఆ ఇల్లు బిగుసుకుపోతుంది. అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చుని కబుర్లాడటం మాకు మర్యాద కాదు కాబట్టి తమ్ముడు సెమిసి ఆమెను చూడగానే లేచి వెనకదారిన వెళ్ళిపోతాడు. మరదలు ఎసెటా చేతిలో ఏముంటే అది పడేసి, పెద్దల ముందు మర్యాదకు కట్టే చాప నడుముకు చుట్టుకుని పరుగున వస్తుంది. మంచి ముక్క, మంచి చాప, మంచి కుర్చీ అన్నీ ఆమెకే. ఇంట్లో ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషికి అక్కడా ఊపిరాడేది కాదు. అందుకే ఏడాదికి ఒకటి రెండు సార్లు మించి వెళ్ళేది కాదు.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళింది. పనసలాంటి కాయలు కాసే పెద్ద రొట్టెపండు చెట్టు కింద ఫూసి ఒక్కతే కూర్చుని ఉంది. సెలువాయా రావడం చూసుకోలేదు. కాగితాలన్నీ ఒక అంచున మొగలి నారతో కుట్టి, మైదా జిగురు పూసి పుస్తకం చేసుకుంది. బొటనవేలితో టరటరా తిప్పుతూ తనలో తనే మాట్లాడుకుంటోంది.

"పడింది... పడిపోయింది... అయ్యో... లేదు, లేచింది! వెళ్ళిపో, వెళ్ళిపో!"

సెలువాయా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తన బొమ్మలు కదలడం ఆమె ఇంతవరకూ తన చేతిలోనే చూసుకుంది. ఇంకొకళ్ళు చూసి అయ్యో అనడం, లేచిందని మురిసిపోవడం ఇదే మొదలు. ఎంత సంతోషమేసిందంటే, వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. ఈ పిల్ల ఒక్కతే చూసినా చాలు కదా అనుకుంది. ఆ వెంటనే శుక్రవారం తెర గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కటి, నాదీ అని చూపించుకోవడానికి ఒకే ఒక్కటి. రెండ్రోజులకు అడిగితే తప్పేముంది?

"ఫూసీ."

పిల్ల ఉలిక్కిపడి లేచి తల వంచుకుంది. లోపల్నుంచి ఎసెటా పరుగున వచ్చింది. "అయ్యో వదినా! కబురైనా చెయ్యలేదే! రా, ఎండలో నిలబడ్డావేంటి? ఒసేయ్, అత్తకు చాప వెయ్యి!"

"ఏమీ వద్దు ఎసెటా. ఆ పుస్తకం... ఫూసీ, ఒక్క రెండ్రోజులు నాకిస్తావా? పని కాగానే మళ్ళీ నీకే తెచ్చిచ్చేస్తా."

ఎసెటా మొహంలో రంగు మారింది. "అవేం మాటలు వదినా? నీకిచ్చింది మేం వెనక్కి తీసుకుంటామా? వింటే ఊళ్ళో మా మొహాన ఉమ్మెయ్యరూ? నీకు కావాలంటే అది నీదే. ఫూసీ, ఇచ్చెయ్ అత్తకి."

"ఇచ్చెయ్యడం కాదే, ఊరికే..."

"ఇందులో నా వాక్యాలున్నాయమ్మా" అంది ఫూసి, వినీ వినపడకుండా. వెనకవైపంతా పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది, చుట్టూ ఎర్ర రంగుతో అంచులు దిద్దుకుంది.

తల్లి ఒక్క చూపు చూసింది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అత్తకు అందించింది. ఏడవలేదు. పేచీ పెట్టలేదు. ఆ వయసు పిల్ల పేచీ పెట్టాలి కదా!

వద్దు, ఉంచుకో అని సెలువాయా అప్పుడైనా అనొచ్చు. అంటే మేనత్తకు కోపమొచ్చి కాలదన్నిందని ఎసెటా కుమిలిపోతుంది, పిల్లకు దెబ్బలు పడతాయి. తీసుకుంటే పిల్ల పుస్తకం పోతుంది. ఎటు కదిలినా తన మాట తన మాటలా కాక మేనత్త హుకుంలానే వినపడుతుందని ఆమెకు అక్కడ నిలబడ్డాకే తెలిసింది. అయినా నిజం చెప్పాలంటే, ఆ కాగితాలు చేతికి తగలగానే వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. తీసుకుంది. ఎసెటా ఊరుకోకుండా రెండు పెండలం దుంపలూ, కొత్త చాపా కూడా చంకన పెట్టి పంపింది.

నార కోసి, జిగురు తడిపి, ఒక్కొక్క కాగితాన్నీ విడదీసింది. గురువారం హాల్లో సిసిలియా ఫోను స్టాండు కింద పెట్టి ఫొటోలన్నీ తీసేశారు. పని కాగానే సెలువాయా కాగితాలన్నీ మళ్ళీ కుట్టుకుని, వాక్యాల వైపు పైకి పెట్టి, తమ్ముడింటికి పరుగెత్తింది. ఎసెటా గేటు దగ్గరే ఆపేసింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "పిల్ల ఏదైనా తప్పుగా మాట్లాడిందా వదినా? మేమిచ్చింది తిరగ్గొడుతున్నావు" అంది. ఎంత చెప్పినా వినలేదు. ఫూసి తల్లి వెనక నిలబడి ఆ పుస్తకం వంకే చూస్తోంది. సెలువాయా దాన్ని మళ్ళీ ఇంటికే మోసుకొచ్చింది.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. లవీనియా ముందు వరసలో పెద్ద చాప మీద కూర్చుంది. సెలువాయా ఎప్పటిలాగే వెనక తలుపు పక్కన నిలబడింది. రగ్బీ ఆటగాడు పరుగెత్తాడు, నాట్యగత్తె చేతులు తిప్పింది, అందరూ ఈలలేశారు. తర్వాత తెల్లటి తెర మీద కొమ్మ, కొమ్మకు గబ్బిలం. అది ఒళ్ళు విరుచుకుంది. వదిలేసింది. పడింది. హాలంతా ఒక్కసారి "ఓ!" అంది. ముందు వరసలో ఎవరో ముసలాయన పట్టుకోబోతున్నట్టు చేతులు కూడా చాచాడు. రెక్కలు విచ్చుకున్నాయి. గబ్బిలం తెర అంచు దాటి వెళ్ళిపోయింది.

చప్పట్లు ఆగలేదు. మళ్ళీ వెయ్యమన్నారు, వేశారు. చాప వరసలో మేం ఆడవాళ్ళమంతా లేచి నిలబడి అరిచాం. నేనైతే ఏడ్చేశాను, దాచడమెందుకు.

లవీనియా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. "ఇటు రావే." సెలువాయా వచ్చి వంగింది. అత్త ఆమె బుగ్గ నిమిరింది. "ఎసెటా అంతా చెప్పింది. నీ తమ్ముడింటికెళ్ళి, కావాల్సింది అడిగి తెచ్చుకున్నావటగా! ఇన్నేళ్ళూ నోరులేని దానివి, నేను పోతే నిన్ను ఎవరు లెక్కచేస్తారే అని నాకు ఎంత బెంగగా ఉండేదో. ఈ రోజుతో తీరింది. మేనత్తవయ్యావు." అంటూ పక్కకు జరిగి, పెద్ద చాప మీద తన పక్కనే చోటిచ్చింది.

ఆ మాట ప్రేమగా అన్నదే. మనస్ఫూర్తిగా అన్నదే. సెలువాయాకు మాత్రం హాలు తలుపులన్నీ ఒక్కసారి మూసేసినట్టయింది. కూర్చోక తప్పదు కాబట్టి కూర్చుంది. ఆ చోటు నుంచి పిల్లల వరస బాగా కనిపిస్తోంది. చివర్లో ఫూసి ఉంది. తెర వంక చూడటం లేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలని, నీ పుస్తకం ఇంట్లోనే ఉంది తల్లీ, ఎవరికీ చెప్పకుండా వచ్చి తీసుకెళ్ళు అని చెవిలో చెప్పాలని ఆమె మనసు కొట్టుకుంది. "ఫూసీ, ఇలా రామ్మా" అని పిలిచింది.

పిలిచీ పిలవకముందే పిల్ల లేచింది. ఒంగి ఒంగి అందరి ముందు నుంచి వచ్చి, చాప అంచున, సెలువాయా చెయ్యి తగలనంత దూరంలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"సినిమా బాగుందా?" అని అడిగింది సెలువాయా. అడగాలనుకున్నది అది కాదు.

"బాగుంది అత్తా" అంది ఫూసి, తల ఎత్తకుండానే. తర్వాత మెడలో ఉన్న చిన్న గవ్వల దండ తీసి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టింది. "ఇది కూడా నీకు కావాలా?"